అడగడానికి ఏమీ లేని ఇంట్లో ప్రార్థన

ప్రశ్న: మాది అద్దంకి దగ్గర ఒక పల్లె. నాలుగు తరాలుగా బాప్టిస్టులం. అమ్మ కూలి నుంచి వచ్చి, అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి మందిరం డబ్బాలో వేసేది. ఇప్పుడు మేం హైదరాబాద్ బాచుపల్లిలో ఉంటున్నాం. ఆయన సాఫ్ట్‌వేర్, నేను స్కూల్ టీచర్ని. ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళ కింద ఇద్దరికీ కలిపి 90 వేలు చేతికొచ్చేది, ఇప్పుడు 2 లక్షల 40 వేలు. ఒక ఫ్లాట్ ఉంది. రెండోది తెల్లాపూర్‌లో కడుతున్నారు, ఈఎంఐ మొదలైంది. మందిరానికి నెలకు 5 వేలు ఇస్తున్నాం, ఆరేళ్ళుగా అదే. కుటుంబ ప్రార్థన ఆగి ఎనిమిది నెలలైంది. మోకాళ్ళూనితే అడగడానికి ఏమీ తోచడం లేదు. ఆయనేమో "కష్టపడి సంపాదించుకున్నాం, ఎవరినీ ముంచలేదు" అంటారు. ఈమధ్య సభల్లో ఒక బోధకుడు లక్ష రూపాయలు విత్తన కానుక వేస్తే నూరంతలు వస్తుందన్నారు. దశమభాగం ఈఎంఐ తీసేశాక లెక్కెయ్యాలా, ముందా? రెండో ఫ్లాట్ వదిలేయాలా? డబ్బుండటమే తప్పా? అమ్మలాగా బియ్యం డబ్బా పెడదామంటే ఈ ఫ్లాట్‌లో అది వేషంలా ఉంటుందేమో అనిపిస్తోంది.

సమాధానం:

సహోదరీ, "అడగడానికి ఏమీ తోచడం లేదు" అని రాశారు చూడండి, అక్కణ్ణించే మొదలుపెడదాం. మీ అమ్మగారి ప్రార్థనలు ఒకసారి గుర్తు చేసుకోండి. వాన పడాలి, చిన్నదాని జ్వరం తగ్గాలి, స్కూలు ఫీజుకు ఎక్కడన్నా నాలుగు రూపాయలు పుట్టాలి. ఏ అవసరం వచ్చినా ఆమెకు ఒకటే గడప. మీకిప్పుడు జ్వరానికి ఇన్సూరెన్సు కార్డుంది, ఫీజుకు నెట్ బ్యాంకింగుంది, బియ్యం బస్తా గుమ్మం దగ్గరికే వస్తుంది. ఇందులో పాపమేమీ లేదు. కాకపోతే మిమ్మల్ని మోకాళ్ళ మీదికి తెచ్చిన సందర్భాలన్నీ ఒక్కొక్కటే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి, వాటి స్థానంలో మీరు వేరేవి పెట్టుకోలేదు. మీ భక్తి చచ్చిపోలేదు. చచ్చిపోతే ఈ ఉత్తరం రాసేవారు కాదు.

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం సరిగ్గా ఈ దశ గురించే. అరణ్యంలో నలభై ఏళ్ళు మన్నా తిన్న జనానికి మోషే భయపడి చెప్పింది ముందున్న ఆకలి గురించి కాదు. కడుపు నిండా తిని, మంచి ఇళ్ళు కట్టుకుని, పశువులూ వెండీ బంగారాలూ పెరిగినప్పుడు "మరచిపోతారు" అన్నాడు. ఎదురు తిరుగుతారని కాదు, మరచిపోతారని. "నా బలమే నాకీ ఐశ్వర్యం తెచ్చిపెట్టింది" అనుకుంటారని 17వ వచనం. మీ ఆయన మాట దానికి చాలా దగ్గరగా ఉంది. అలాగని ఈ వచనం తీసి ఆయన మొహం మీద చదవకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు వరి పొలాల మధ్య పెరిగారు కాబట్టి ఊద గడ్డి తెలుసు. వరి పక్కన వరిలాగే లేస్తుంది, వరికేసిన యూరియానే తింటుంది, ఎరువు బలంగా ఉన్న మడిలోనే ఇంకా బలంగా పెరుగుతుంది. నాట్లు పడ్డ మూడు నాలుగు వారాల్లో పీకేస్తే సరే, వెన్ను వేశాక పీకబోతే వరి దుబ్బు కూడా ఊడొస్తుంది. లూకా 8:14లో, విత్తువాని ఉపమానంలో, యేసు ముండ్ల పొదలన్నది వేటిని? జీవన చింతలనీ, ధనభోగాలనీ. ఆ ముళ్ళు మొక్కను చంపేస్తాయని ఆయన అనలేదు, పంట పండనివ్వవన్నాడు. అంటే మనిషి మందిరానికి వస్తూనే ఉంటాడు, పాటలు పాడుతూనే ఉంటాడు, గింజ మాత్రం గట్టిపడదు. మీ ఇంట్లో ఊద ఇంకా వెన్ను వేయలేదనే అనిపిస్తోంది. పీకడానికి ఇదే అదను.

డబ్బుండటమే తప్పా అన్నారు. కాదు. అరిమతయియ యోసేపు ధనవంతుడు, ప్రభువు దేహానికి సమాధి ఇచ్చింది ఆయనే. ఫిలిప్పీలో సంఘం మొదట కూడింది ఊదారంగు వస్త్రాలమ్మే లూదియ ఇంట్లో. లూకా 12లో వెర్రివాడనిపించుకున్న రైతు కూడా దొంగ కాడు, భూమి బాగా పండిందంతే. అతని మాటలు మాత్రం ఒకసారి బయటికి చదవండి. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. భార్య లేదు, కూలివాడు లేడు, పొరుగింటాయన లేడు, దేవుడు లేడు. తనతో తానే మాట్లాడుకుంటాడు. ఆ కథ యేసు చెప్పిన సందర్భం కూడా మనకు బాగా తెలిసిందే, అన్నదమ్ముల ఆస్తి పంపకం తగాదా.

ప్రకటన గ్రంథం 3లో ప్రభువు ఉత్తరం రాయించిన లవొదికయ సంఘం గురించి చాలా ప్రసంగాలు "నులివెచ్చన" దగ్గరే ఆగిపోతాయి. ఆ ఊరి సంగతి తెలిస్తే ఆ ఉత్తరం మీ ఇంటికే రాసినట్టుంటుంది. ఇప్పటి టర్కీలో దెనిజ్లి పట్టణం దగ్గర దాని శిథిలాలున్నాయి. డబ్బు లావాదేవీలకు, నల్ల ఉన్నికి, కంటి మందుకు పేరున్న ఊరు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి కూలిపోతే రోమా ప్రభుత్వం సాయం లేకుండా సొంత డబ్బుతో మళ్ళీ కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. "నాకేమియు కొదువలేదు" అనే మాట అక్కడివాళ్ళకు గర్వం కూడా కాదు, కళ్ళ ముందున్న నిజం. అలాంటి వాళ్ళతోనే ప్రభువు బంగారం, తెల్లని వస్త్రాలు, కంటి కాటుక తన దగ్గర కొనుక్కోమన్నాడు. వాళ్ళు దేనికి పేరు పొందారో అదే వాళ్ళ దగ్గర లేదన్నాడు.

ఇక లెక్కలు. ఇది లేకుండా మిగతాదంతా గాలిలో మాటే. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్ర ముందేసుకుని ఒక నోటు పుస్తకంలో నాలుగు వరసలు గీయండి. బతకడానికి, అప్పులకు, మనుషులకు, మిగతావి. మీరు ఉత్తరంతో పంపిన అంకెలు వేసి చూశాం. రెండు ఇళ్ళ ఈఎంఐలు 58 వేలు, 71 వేలు, కారు 19 వేలు, మొత్తం 1,48,000. వచ్చేదాంట్లో దాదాపు 62 శాతం. ఫీజులు సగటున 30 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, ఊళ్ళో పెద్దవాళ్ళకు 10 వేలు, మందిరానికి 5 వేలు. మిగిలేది 12 వేలు. రెండు లక్షల నలభై వేలు సంపాదించే ఇంట్లో నెలాఖరుకు "చేతిలో ఏమీ లేదు" అనే మాట ఇలా పుడుతుంది. అది అబద్ధం కాదు, అయితే దాన్ని తయారుచేసింది మీ సంతకాలే.

కానుక సంగతీ చూడండి. 90 వేలున్నప్పుడు 5 వేలంటే ఐదున్నర శాతం. ఇప్పుడు అదే 5 వేలు రెండు శాతం పైచిలుకు. మీరు ఒక్క రూపాయి తగ్గించలేదు, ఇచ్చేది మాత్రం సగానికంటే కిందికి జారింది. జీతం పెరిగిన ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కానుకను అంకెగా పెట్టుకుంటారు, అంకె కదలదు. శాతంగా పెట్టుకోండి, జీతంతో పాటు అదే కదులుతుంది.

దశమభాగం గురించి సూటిగా చెబుతాను. ధర్మశాస్త్రంలో అది ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువుల మీద. ఆలయ సేవ చేసే లేవీయుల పోషణకు ఇచ్చేది సంఖ్యాకాండము 18లో ఉంది. యెహోవా సన్నిధిలో కుటుంబమంతా కలిసి తినేది, మూడో ఏట ఊళ్ళోని పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి పెట్టేది ద్వితీయోపదేశకాండము 14లో ఉన్నాయి. కొత్త నిబంధన సంఘానికి శాతం విధించలేదు. 2 కొరింథీ 9:7 హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమంటుంది, 8:12 ఉన్నదాన్ని బట్టి అంటుంది. కాబట్టి పదో వంతు ఇవ్వకపోతే శాపం తగులుతుందని ఎవరన్నా భయపెడితే భయపడకండి. అదే సమయంలో, ధర్మశాస్త్రం కింద ఉన్న పేద రైతు పదో వంతు ఇచ్చినప్పుడు కృప కింద ఉన్న మనం రెండు శాతం దగ్గర ఆగిపోవడం సబబా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

లెక్క ఇలా వేయండి. పన్నూ పీఎఫ్ పోగా ఖాతాలో పడ్డ మొత్తం మీద. పీఎఫ్ చేతికొచ్చిన రోజున దాని మీద. ఈఎంఐ తీసేశాక మాత్రం కాదు, ఎందుకంటే ఈఎంఐ మీరు ఎంచుకున్న ఖర్చు. దాన్ని ముందు తీసేస్తే ఎంత పెద్ద ఇల్లు కొంటే దేవుడి పాలు అంత తగ్గుతుంది. మీకు పది శాతమంటే 24 వేలు. రేపే అంత వద్దు, మూడో నెలకే చేతులెత్తేస్తారు. ఈ నెల 12 వేలతో, అంటే ఐదు శాతంతో మొదలుపెట్టండి. జీతం పడిన రోజే విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలోకి వెళ్ళేలా ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. తర్వాత వచ్చే ప్రతి ఇంక్రిమెంటులో సగం దీనికి కలపండి, పదికి చేరేదాకా. క్రెడిట్ కార్డు గీకి కానుక ఇవ్వొద్దు.

పెద్దవాళ్ళ 10 వేలల్లోంచి కోసి మందిరానికి కలపొద్దు. అమ్మానాన్నలకు చెందాల్సింది "కొర్బాను", దేవార్పితం అని తప్పించుకున్నవాళ్ళను మార్కు 7లో ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో చదవండి. ఇంకొక లెక్క ముందు తేల్చండి. ఆరేళ్ళలో మీ ఆదాయం రెండున్నర రెట్లు దాటింది. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె జీతం ఎంత పెరిగింది? ఆమెకు ఆదివారం సెలవుందా? యాకోబు 5:4లో కేకలు వేసేది కానుకల పెట్టె కాదు, బిగపట్టిన కూలి. కవరులో డబ్బు పెట్టేముందు ఆ జీతం సరిచేయండి.

విత్తన కానుక సంగతి. లూకా 8:11 ప్రకారం విత్తువాని ఉపమానంలో విత్తనం దేవుని వాక్యం, లక్ష రూపాయలు కాదు. మార్కు 10:30లో నూరంతలతో పాటు "హింసలతో కూడ" అనే మాట ఉంది, సభల్లో అది వినబడదు. దశమభాగం తెస్తే దీవెన కుమ్మరిస్తానన్న మలాకీ 3:10లోని మందిరపు నిధి అంటే దేవాలయంలో ధాన్యం కొట్టు. అది నిండకపోతే లేవీయులు ఆకలికి పొలాలకు పారిపోయారని నెహెమ్యా 13లో ఉంది. ఒకరి అన్నం గురించిన మాటను మన లాభానికి తిప్పుకోకూడదు.

మీ ఊరి చరిత్రే దీనికి జవాబిచ్చింది. 1876–78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్ళు గుంపులుగా వచ్చినా కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. బియ్యం కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని. సాయం ఆగాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పొట్ట మాడుతున్న రోజుల్లో విశ్వాసానికీ బియ్యానికీ మధ్య అంత గట్టి గీత గీశారు. కడుపు నిండిన మనం నూరంతల లెక్కతో ఆ గీత చెరిపేస్తే ఎలా?

మీ ఆయనతో మాట్లాడే పద్ధతి. శనివారం పొద్దున పిల్లలు ఆటకు వెళ్ళినప్పుడు ఒక గంట. నిర్ణయం ముందే చేసేసుకుని చెప్పడానికి కూర్చోకండి, చాలా ఇళ్ళలో ఇక్కడే చెడుతుంది. వచనాలు తీయొద్దు. తీస్తే ఆయన ముద్దాయి అవుతాడు, మీరు పాస్టరు గారవుతారు. ఒకటే ప్రశ్న: మనకు నెలకు ఎంతైతే చాలు? ఇద్దరూ విడివిడిగా కాగితం మీద అంకె రాసి తర్వాత మార్చుకోండి. సామెతలు 30లో ఆగూరు అడిగిన "తగినంత ఆహారము" అనేది అంకె లేకపోతే ప్రతి ఏడూ పెరుగుతూనే ఉంటుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక యువకుడి లెక్క చెప్పాడు. 30 పౌన్లు వచ్చిన ఏడు 28తో బతికి 2 ఇచ్చాడు. 60 వచ్చిన ఏడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వచ్చిన ఏడు 62 ఇచ్చాడు. అదే వెస్లీ ముసలితనంలో, 1786లో, కష్టపడి పొదుపుగా బతికే తన మెథడిస్టులు ధనవంతులవుతున్నారనీ, ధనం పెరిగినచోట భక్తి సారం తగ్గుతోందనీ దిగులుపడ్డాడు. మీరు 28 దగ్గరే ఆగాలని అనను, ఇద్దరు పిల్లల చదువులున్నాయి. కానీ ఒక గీత గీసి తారీఖు వేసి ఇద్దరూ సంతకం పెట్టండి.

రెండో ఫ్లాట్ మీద మా అభిప్రాయం దాచను. దాన్ని వదిలించుకోవడమే మంచిది. రెండు ఫ్లాట్లుండటం పాపమని కాదు, 62 శాతం అప్పులకు పోయే ఇంట్లో ఒక్క ఉద్యోగం ఊడితే మూడు నెలలు నిలబడలేరు. రేపు అద్దె వస్తుందనుకుంటే, హైదరాబాద్‌లో అలాంటి ఫ్లాటుకు అద్దె సాధారణంగా ఈఎంఐలో సగం కూడా రాదు. ముందు అగ్రిమెంటులో రద్దు షరతు చదవండి. రద్దు చేస్తే ఎంత కోసుకుంటారో బిల్డరు నుంచి రాతపూర్వకంగా, అప్పు ఇంకా ఎంతుందో బ్యాంకు నుంచి లెటరుగా తీసుకోండి. వ్యక్తుల పేరున ఉన్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు. కోత మరీ ఎక్కువైతే ఇల్లు చేతికొచ్చేదాకా ఆగి అమ్మి అప్పు తీర్చండి. ఆయన ఇప్పుడే ఒప్పుకోకపోతే దీని మీద కాపురంలో యుద్ధం వద్దు. మూడో ఆస్తి కొనబోమని మాత్రం మాట తీసుకోండి.

ఇక ప్రార్థన. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి, బుధవారం, శనివారం అనుకోండి. తొమ్మిది గంటలకు, పన్నెండు నిమిషాలు, ఫోన్లు నాలుగూ వంటగదిలో. ఒక కీర్తనలో ఏడెనిమిది వచనాలు పిల్లల్లో ఒకరు చదవాలి. తర్వాత ఒక్కొక్కరు ఒక కృతజ్ఞత, ఇంటి బయటి ఒక మనిషి కోసం పేరు పెట్టి ఒక విన్నపం. అంతే. ఇది చెడేది రెండు చోట్ల: నలభై నిమిషాలకు సాగడం, "ప్రభువా, ఈ అబ్బాయికి చదువు మీద బుద్ధి ఇవ్వు" అంటూ ప్రార్థనలో పిల్లలకు చీవాట్లు పెట్టడం. రెండూ జరగనివ్వకండి.

మరి ఎవరి కోసం అడగాలి? అందుకే నెలకు ఒక ఇంటికి వెళ్ళండి. మీ సంఘంలో డయాలసిస్‌కు వెళ్తున్నవారు, ఉద్యోగం పోయి సాక్ష్యం (దేవుడు చేసిన మేలు సంఘం ముందు) చెప్పడానికి లేవలేక వెనక బెంచీలో కూర్చుంటున్నవారు తప్పకుండా ఉంటారు. మన మందిరాల్లో కారు కొన్నవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళే సాక్ష్యానికి లేస్తుండటంతో దీవెనంటే అదేనని పిల్లలు నేర్చుకుంటున్నారు. మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ వెనక బెంచీవాళ్ళ ఇంట్లో టీ తాగి రండి. బుధవారం రాత్రికి అడగడానికి ఉంటుంది.

ఆ కానుక ఖాతాలో డబ్బు ఎక్కడికి పోవాలంటే, సగం మీరు వెళ్ళే సంఘానికి, లెక్కలు సంవత్సరానికోసారన్నా సంఘం ముందు పెడుతుంటే. పెట్టకపోతే పెద్దల్ని మర్యాదగా అడగండి. నాలుగో వంతు మీ ఊరి సంఘానికి, మిగతాది మీరు చూసొచ్చిన ఇళ్ళకు. కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాలకు మినహాయింపు రాదు, దానికోసం చూడకండి.

బియ్యం డబ్బా పెట్టండి, వేషమేమీ కాదు. ఆటోమేటిక్ బదిలీకి చేతులుండవు, మీ పిల్లలకు చేత్తో ఇవ్వడం తెలియాలి. గుప్పెడంటే సుమారు 50 గ్రాములు. పూటకొక గుప్పెడు, రోజుకు రెండు పూటలంటే నెలకు మూడు కిలోలు. మీరు తినే బియ్యంలోంచే తీయండి, రేషన్ బియ్యం కొని వేయొద్దు. స్టీలు డబ్బా తడి లేకుండా తుడిచి, అడుగున ఎండిన వేపాకు వేయండి. వానాకాలంలో నెల దాటితే పురుగు పడుతుంది కాబట్టి నెలాఖరు ఆదివారం తప్పకుండా ఖాళీ చేసి, ఆ నెల మీరు చూడబోయే ఇంటికి పట్టుకెళ్ళండి. సంచీ చిన్నవాడి చేతికివ్వండి.